సిగా, సిగా: క్రీటు ద్వీపములో నాలుగు దినములు

విదేశములో కారు అద్దెకు తీసికొని, మేమే నడుపుకొనుచు, ఒక ద్వీపములో తిరిగి వచ్చితిమని చెప్పగానే మిత్రులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచుందురు. ఎంత ఖర్చయినది అనునది మొదటిది. ఏమేమి చూచితిరి అనునది రెండవది. ఈ రెంటికిని సమాధానము చెప్పుట సులభమే. కాని ఆ నాలుగు దినములలో మేము నేర్చుకొన్న ముఖ్యవిషయము ఈ రెండు ప్రశ్నలకును అందదు. అది ఒక తప్పు వలన నేర్చుకొన్నది. ఆ తప్పు మరెవరిదియు కాదు, మాదే. దానిని దాచిపెట్టక శ్రోతలకు మనవి చేయుట మంచిదని తలచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

గ్రీసు దేశపు ద్వీపము లన్నింటిలో పెద్దది క్రీటు. తెలుగు బైబులు చదివినవారు దీనిని క్రేతు అను పేరుతో ఎరుగుదురు. మధ్యధరా సముద్రములో తూర్పు పడమరలుగా సాగియున్న భూమి యిది. పొడవు సుమారు 260 కిలోమీటర్లు. వెడల్పు ఒకచోట 60 కిలోమీటర్లుండగా మరియొకచోట 12 కిలోమీటర్లు మాత్రమే. పటమును చూచినవారికి రెండు మూడు దినములలో అంతయు చుట్టి రావచ్చునని తోచును. మాకును అట్లే తోచెను. కాని ద్వీపము నడుమ పర్వతములు వెన్నెముక వలె నిలిచియున్నవి. వానిలో మిక్కిలి ఎత్తయిన ప్సిలొరీటిస్ శిఖరము 2,456 మీటర్లు. ఉత్తరపు ఒడ్డునుండి దక్షిణపు ఒడ్డునకు పోవలెనన్న ఏదో ఒక కనుమ నెక్కి దిగవలసినదే. పటములో జానెడు దూరము నేలమీద ఒక పూట ప్రయాణమగును.

మేము వెళ్ళినది గడచిన సెప్టెంబరు మొదటి వారములో. మేమనగా మేమును మా శ్రీమతియును. ఇద్దరమును ఉద్యోగ విరమణ చేసినవారము. రాజమహేంద్రవరములో భోజనపు బల్లమీద పటమును పరచుకొని, నెలదినములు శ్రమపడి, చూడవలసిన స్థలముల జాబితా ఒకటి సిద్ధము చేసికొంటిమి. పడమట సమరియా లోయ, ఎలఫొనీసి ఇసుకతీరము. తూర్పున స్పినలోంగ దీవి, వాయి ఖర్జూరవనము. నడుమ రాజభవనముల శిథిలములు, మఠములు, కోటలు, గుహలు. లెక్క చూడగా ఇరువదిరెండు స్థలములు తేలినవి. దినములు నాలుగు. దినమునకు అయిదున్నర స్థలముల చొప్పున పడెను. మా శ్రీమతి ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో గణితము బోధించినది. "అరస్థలమును ఎట్లు చూతుమండీ?" అని ఆమె అపుడే అడిగినది. మేము నవ్వి ఊరకుంటిమి.

కారు సంగతి కొంత చెప్పవలెను. మన లైసెన్సుతో బాటు అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు ఉండవలెను. దానిని మన రవాణా కార్యాలయము వారే ఇత్తురు. లైసెన్సు, పాస్‌పోర్టు చూపవలసియుండును. 1949 నాటి జెనీవా రహదారి ఒప్పందము ననుసరించి ఇచ్చు ఆ పర్మిటు ఒక సంవత్సరము చెల్లును. ఇక కారు చేతికిచ్చునపుడు తొందరపడరాదు. ఏ మూల ఏ గీత యున్నదో చుట్టును తిరిగి ఫోటోలు తీసికొనవలెను. బీమా కాగితమును తుదిదాక చదువవలెను. పెక్కు ఒప్పందములలో టైరులకును, అద్దములకును, కారు అడుగుభాగమునకును కలుగు నష్టము బీమాలో చేరియుండదు. రాళ్ల బాటలున్న ద్వీపములో సరిగా దెబ్బ తగులునవి అవియే.

గ్రీసులో వాహనములు రోడ్డునకు కుడివైపున పోవును. స్టీరింగు ఎడమవైపున నుండును. గేరు కుడిచేతితో వేయవలెను. ఇదంతయు మాకు ముందుగా తెలియును. అయినను తెలియుట వేరు, చేతికి అలవడుట వేరు. మొదటి దినమున కారెక్కబోయి మాటిమాటికి తప్పు తలుపే తెరచితిమి. మలుపునకు సైగ చూపబోయినపుడెల్ల అద్దము తుడుచు పుల్లలు ఆడసాగెను. ఆకాశములో మబ్బుతునకయైన లేదు. ప్రక్కవారు మమ్ము చూచి ఏమనుకొనిరో!

దారి చెప్పు పని మా శ్రీమతిది. చేతిఫోనులో పటమున్నను కొండల నడుమ అది అపుడపుడు మూగవోవుచుండెను. పెద్ద రోడ్ల పైనున్న పలకలమీద ఊరిపేర్లు గ్రీకులిపిలోను, దాని క్రింద ఇంగ్లీషు అక్షరములలోను వ్రాసియుందురు. పల్లెదారులలో ఒక్కొక్కచోట గ్రీకు మాత్రమే యుండును. కొండప్రాంతములలో కొన్ని పలకలకు తుపాకిగుండ్ల రంధ్రములు కూడ కలవు. కాని గణితము చెప్పినవారికి గ్రీకు అక్షరములు క్రొత్తవి కావు గదా! సిగ్మా, పై, ఈటా, లాంబ్డా, అయోటా అని కూడబలుకుకొని, "ఇది స్పీలి ఊరండీ" అని ఆమె చెప్పుచుండగా మాకు ఆశ్చర్యము కలిగెను. వృత్తపు చుట్టుకొలతను లెక్కకట్టుటకు పిల్లలకు నేర్పిన అక్షరము ఇచట ఊరికి దారి చూపుచున్నది.

మొదటి దినము హెరాక్లియను పట్టణములో గడచినది. పట్టణమునకు అయిదు కిలోమీటర్ల దూరములో క్నోసోసు రాజభవనము కలదు. యూరపుఖండమున మిక్కిలి ప్రాచీనమైన నాగరికతలలో ఒకటి యిచట వర్ధిల్లినది. 1878లో ఈ ఊరివాడే యైన మీనోస్ కలొకెరినోస్ అను వర్తకుడు ఇచట మొదట త్రవ్వి చూచెను. 1900లో ఆర్థర్ ఎవాన్సు అను ఆంగ్లేయుడు పెద్దయెత్తున త్రవ్వకములు సాగించి, కూలిన భాగములను సిమెంటుతో తిరిగి నిలిపి, స్తంభములకు ఎఱ్ఱరంగు వేయించెను. అట్లు కట్టుట న్యాయమా కాదా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. మేము ఆ వాదము వినుటకైన నిలువలేదు. ఆ దినమున అయిదు స్థలములు చూచి, జాబితాలో అయిదు గీతలు గీసితిమి. మధ్యాహ్నపు భోజనము కారులోనే ముగించితిమి. 1957లో మరణించిన కజన్‌జాకిసు అను ప్రసిద్ధ రచయిత సమాధి పట్టణపు పాతగోడ బురుజుమీద నున్నది. దానియొద్ద మేము నిలిచినది రెండు నిముషములు. రాత్రి గదికి చేరి పడుకొనునపుడు ఏది ఎక్కడ చూచితిమో ఇద్దరికిని కలగాపులగమై పోయెను.

రెండవ దినమున దక్షిణమునకు బయలుదేరితిమి. కనుమ దాటగానే మెసారా మైదానము. క్రీటులో ఇంత విశాలమైన మైదానము వేరొకటి లేదు. ఎటు చూచినను ఆలివుచెట్లు, ద్రాక్షతోటలు. ఆ మైదానపు అంచున గోర్తిను అను ప్రాచీన నగరపు శిథిలములు కలవు. రోమనుల కాలములో ఇది క్రీటునకు రాజధాని. ఇచట ఒక రాతిగోడమీద క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దినాటి శాసనము చెక్కబడి యున్నది. పండ్రెండు పట్టీలలో సుమారు ఆరువందల పంక్తులు. అందులో కుటుంబధర్మము, వారసత్వము, విడాకులు, బానిసల సంగతులు వ్రాసినారు. తండ్రి సొత్తులో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. భర్తనుండి విడిపోయిన స్త్రీ తాను తెచ్చుకొన్న ఆస్తితో బాటు తాను నేసిన బట్టలో సగము తీసికొని పోవచ్చును. మన దేశములో తండ్రి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు 2005లో గదా అన్నిచోట్లను వచ్చినది! రెండువేల నాలుగువందల యేండ్లకు పూర్వము ఆడపిల్లకు ఒక పాలైనను రాతిమీద వ్రాసిపెట్టిరని మా శ్రీమతి చాలసేపు ఆ గోడ ముందు నిలిచెను.

ఆ శాసనమును వ్రాసిన తీరు మరియు విచిత్రమైనది. మొదటి పంక్తి కుడినుండి ఎడమకు పోవును. రెండవ పంక్తి ఎడమనుండి కుడికి వచ్చును. మూడవది మరల కుడినుండి ఎడమకు. రైతు ఒక చాలు దున్ని, గట్టు చేరి, ఎడ్లను మరల్చి ప్రక్కచాలు పట్టినట్లుండును. గ్రీకుభాషలో ఆ వ్రాతకు ఎద్దు మరలుట అని అర్థమిచ్చు పేరే కలదు. చూచి ఆనందించితిమి. "ఇక చాలును, ఇంక నాలుగు స్థలములున్నవి" అని ఆమెను తొందరపెట్టి కారెక్కించితిమి. కుడియెడమల సంగతి అంత దగ్గరలో మాకే అనుభవమునకు వచ్చునని అపుడు తెలియదు.

గోర్తిను విడిచిన కొంతసేపటికి ఒక పెట్రోలు బంకువద్ద ఆగితిమి. అచట మన దేశములో వలెనే పనివాడు వచ్చి పెట్రోలు పోయును. సొమ్ము చెల్లించి బయలుదేరితిమి. రోడ్డు నిర్మానుష్యముగా నుండెను. మధ్యాహ్నపు టెండ కాయుచుండెను. ముందుగాని వెనుకగాని ఒక్క వాహనమును లేదు. ఎదుట వాహనము లున్నంతవరకు వానిని చూచి మన స్థానమును మనము తెలిసికొందుము. అవి లేనపుడు చేతులు తమకు తెలిసిన పనినే చేయును. మా చేతులు ముప్పదియేండ్ల అలవాటు ననుసరించి కారును ఎడమవైపునకు త్రిప్పినవి. రెండు నిముషములు అట్లే పోయితిమి. మాకు ఏ అనుమానమును కలుగలేదు. మా శ్రీమతి ఒడిలో జాబితా పెట్టుకొని తరువాతి స్థలమును వెదకుచుండెను. ముందు ఒక మలుపు వచ్చెను.

మలుపులో ద్రాక్షపెట్టెలు నింపిన చిన్న ట్రక్కు ఎదురుగా వచ్చెను. "ఏమండీ! కుడి! కుడి!" అని ఆమె అరచిన అరపు ఇప్పటికిని మా చెవులలో నున్నది. స్టీరింగును కుడికి లాగితిమి. ట్రక్కు కీచుమని ఆగెను. మా కారు రోడ్డు దాటి కంకరలోనికి దిగి, ధూళి లేపుచు నిలిచెను. రెండు వాహనములకును నడుమ మూరెడు ఎడము కూడ లేదు. తాకలేదు. ఎవరికిని గాయము కాలేదు. కాని మా కాళ్లు వణకి తలుపు తెరచి దిగలేకపోతిమి.

ట్రక్కునుండి ఒక వృద్ధుడు దిగి వచ్చెను. డెబ్బదియేండ్లు దాటియుండును. తిట్టునని తలవంచుకొని కూర్చుంటిమి. తిట్టుటకు ఆయనకు సంపూర్ణమైన హక్కు కలదు. ఆయన వంగి, మొదట మా శ్రీమతి ముఖము చూచెను, తరువాత మా ముఖము చూచెను. ఏ దేశమని అడిగెను. ఇండియా యని చెప్పితిమి. ఆయన ఎడమచేతిని ముందునకు చాచి, మీ దేశములో ఇట్లా? అన్నట్లు సైగచేసెను. అవునని తల యూపితిమి. అపుడాయన మా చేయి పట్టుకొని దింపి, పదియడుగుల దూరము నడిపించుకొని పోయెను.

అచట రోడ్డుప్రక్కన ఇనుపకంబముమీద ఒక చిన్న రేకుగుడి యుండెను. పిచ్చుకగూటికంటె కొంచెము పెద్దది. పైన శిలువ, ముందు అద్దపు తలుపు. లోపల ఒక దేవుని పటము, వెలుగుచున్న నూనెదీపము, ఆలివునూనె సీసా, ఒక యువకుని ఫోటో. వృద్ధుడు ఆ ఫోటోను వ్రేలితో చూపెను. రోడ్డును చూపెను. తరువాత మా కుడిచేతిని పైకెత్తి పట్టుకొని, ఒకే మాట రెండుమారులు పలికెను: "సిగా, సిగా." ఆ భాషలో దానికి మెల్లగా, మెల్లగా అని అర్థము. పిదప ట్రక్కువద్దకు పోయి రెండు పెద్ద ద్రాక్షగుత్తులు తెచ్చి మా శ్రీమతి ఒడిలో పెట్టెను. మేము తేరుకొని, కుడివైపునకు చేరి బయలుదేరువరకు అచటనే నిలిచి, తన ట్రక్కును మరల్చి, కొంతదూరము మా వెనుకనే వచ్చి, చేయి ఊపి వెడలిపోయెను. ఆ ఫోటోలోని యువకుడు ఆయనకు ఏమి కావలెనో మేము అడుగలేదు. అడుగుటకు భాషయు లేదు, ధైర్యమును లేదు.

అంతకుముందు రెండు దినములుగా అట్టి చిన్నగుళ్ళను దారిపొడుగునను చూచుచునే యుంటిమి. అవి ఏదో అలంకారములని భావించితిమి. ఆ రాత్రి బసయందు విచారింపగా తెలిసినది. గ్రీసుదేశమంతటను ఇట్టివి కలవు. ప్రమాదములో మరణించినవారి స్మృతికై బంధువులు కొన్నింటిని నిలుపుదురు. ప్రమాదమునుండి బ్రతికి బయటపడినవారు కృతజ్ఞతతో కొన్నింటిని నిలుపుదురు. దగ్గరి ఊళ్లవారు వచ్చి నూనెపోసి దీపము వెలిగించి పోవుచుందురు. ఒక్కొక్క చెడ్డ మలుపువద్ద రెండు మూడు కూడ నుండును. ఆ సంగతి తెలిసినవానికి అంతకంటె స్పష్టమైన హెచ్చరికపలక అక్కరలేదు. తెలియని మాబోటివారికి అవి బొమ్మలు.

ఆ మధ్యాహ్నము ఫైస్టోసు చేరితిమి. అది కొండకొమ్మున నున్న రాజభవనము. 1900లో మొదలుకొని ఇటలీ పండితులు ఇచట త్రవ్వకములు జరిపినారు. క్నోసోసువలె దీనిని తిరిగి కట్టలేదు. రాళ్లు ఎట్లు దొరికినవో అట్లే యున్నవి. ఒకవైపు మెసారా మైదానము, మరియొకవైపు ప్సిలొరీటిస్ పర్వతము. ఒక చెట్టునీడను కూర్చుండి ద్రాక్షపండ్లు తింటిమి. చాలసేపు ఇద్దరమును మాటలాడలేదు. తరువాత మా శ్రీమతి, "నిన్న మ్యూజియములో చూచిన మట్టిబిళ్ల దొరకినది ఇక్కడనే గదా, అది ఎట్లుండెనండీ?" అని అడిగినది. 1908లో ఇచట దొరకిన ఆ బిళ్ల ప్రపంచప్రసిద్ధమైనది. దానిమీద నలుబదియైదు రకముల ముద్రలు సుడివలె చుట్టియున్నవి. అందరును ఒప్పుకొనునట్లు దానిని చదివినవారు నేటివరకు లేరు. అంతటి వస్తువును నిన్ననే కన్నులార చూచితిమి. జాబితాలో గీతయు గీసితిమి. కాని దాని ఆకారము ఇద్దరిలో ఎవరికిని సరిగా జ్ఞాపకము రాలేదు.

అపుడామె కలము తీసి జాబితాలో మిగిలిన పదునైదు స్థలములలో పదమూడింటిని కొట్టివేసెను. సమరియా పోయెను. ఎలఫొనీసి పోయెను. స్పినలోంగ, వాయి పోయెను. మేము అడ్డుచెప్పలేదు. చెప్పుటకు మాకు ముఖము లేదు. తరువాత మూడు నియమములు ఏర్పరచుకొంటిమి. కారు కదలించు ప్రతిసారియు ఇద్దరమును "కుడి" అని పైకి పలుకవలెను. ప్రొద్దుగూకిన పిమ్మట కారు నడుపరాదు. వెనుకనుండి ఎవరైన తొందరగా వచ్చినచో ప్రక్కకు తొలగి దారి ఈయవలెను. ఆమె తన చేతిరుమాలును చించి ఒక పేలిక మా కుడిమణికట్టునకు కట్టెను. ఒకటవ తరగతి పిల్లవానికి కుడియెడమలు నేర్పునట్లే నేర్పినది. సిగ్గుపడవలసిన పనియే. కాని ఆ పేలిక మిగిలిన రెండుదినములును మమ్ము కాపాడినదని ఒప్పుకొనక తప్పదు.

ఆ సాయంకాలము ప్రొద్దుండగనే స్పీలి అను కొండయూరు చేరితిమి. ఊరినడుమ వరుసగా రాతి సింహముఖములు కలవు. వాని నోళ్లనుండి చల్లని కొండనీరు ఎడతెగక పడుచుండును. ప్రక్కన చెట్లక్రింద కుర్చీలు. వృద్ధులు జపమాలలవంటి పూసలు త్రిప్పుచు కూర్చుండిరి. దాహము వేసి, మాకు రాని భాషలో ఎట్లడుగుదుమని తటపటాయించుచుండగా, ప్రక్క బల్లవద్దనున్న బాలుడు తల్లిని "నెరో" అని అడిగెను. ఆమె నీళ్లగ్లాసు ఇచ్చెను. మేమిద్దరమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. మన నీరు, వారి నెరో! ఈ రెంటికిని చుట్టరికము లేదు. తాజాది అను అర్థముగల పాత గ్రీకుమాటనుండి వారి పదము పుట్టినది. ఐనను దూరదేశములో దాహమునకు మన మాటయే చెల్లినట్లనిపించి కడుపు చల్లబడెను.

భోజనమునకు మాంసము లేనిదేదైన పెట్టుడని కోరగా, ఆ పూటకూటియింటి యజమానురాలు ఉడికించిన ఆకుకూరలో ఆలివునూనె పోసి, నిమ్మకాయ పిండి తెచ్చెను. ఒక ముద్ద తినగానే మా శ్రీమతి, "ఇది తోటకూర!" అనెను. నిజమే. వారు వ్లీతా అను ఆ కూర తోటకూర జాతిదే. వేసవిలో క్రీటు ఇండ్లలో నిత్యము వండుకొందురు. భోజనానంతరము రాకీ అను సారాను అతిథులకు ఊరకే ఇచ్చుట అచటి మర్యాద. మేము మణికట్టు పేలికను చూపి స్టీరింగు త్రిప్పునట్లు సైగచేసితిమి. ఆమె నవ్వి, దానికి బదులు పుచ్చకాయ ముక్కలు తెచ్చెను.

మూడవ దినమున మా జాబితాలో లేని ఊరు చూచితిమి. స్పీలినుండి కొండమీదుగా అమారి లోయకు పోవు దారిలో గెరకారి అను గ్రామము కలదు. చెర్రీపండ్లకు పేరుపొందిన ఊరు. తొందర లేదు గనుక ఆగితిమి. ఇండ్లన్నియు ఒకే కాలమున కట్టినట్లున్నవి. అట్లు ఉండుటకు కారణము స్మారకశిల వద్ద తెలిసినది. 1941 మే 20న జర్మను సైనికులు గొడుగులతో ఆకాశమునుండి క్రీటుమీద దిగి, ద్వీపము నాక్రమించినారు. ఈ కొండపల్లెలవారు ప్రతిఘటనవీరులకు తిండియు నీడయు ఇచ్చినారు. 1944 ఆగస్టు 22న జర్మనుసేన కేద్రోసు కొండ చుట్టునున్న పల్లెలమీద పడి, నూట అరువదిమందికి పైగా పురుషులను కాల్చిచంపి, ఇండ్లను దగ్ధము చేసినది. గెరకారి వానిలో ఒకటి. శిలమీద పేర్లు గ్రీకు అక్షరములలో చెక్కియున్నవి. మా శ్రీమతి ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొని పేర్లు చదువసాగెను. చదువగా చదువగా ఒకే ఇంటిపేరు మరల మరల వచ్చుచుండెను. తండ్రులు, కొడుకులు, అన్నదమ్ములు కాబోలును. ఒక ముసలమ్మ దూరమున నిలిచి వినుచుండెను. ఆమె దగ్గరకు వచ్చి, తప్పుచదివిన ఒక పేరును మెల్లగా సరిదిద్దెను. తుదిదాక చదివిన పిదప మా శ్రీమతి చేయి పట్టుకొని కొంతసేపు నిలిచెను. ఇద్దరిలో ఎవరికిని రెండవవారి భాష తెలియదు.

ఇరువదిరెండు స్థలముల లెక్క ప్రకారము పోయియుండిన, ఆ ఊరిని మేము గంటకు అరువది కిలోమీటర్ల వేగమున దాటిపోయియుందుము. దాని పేరు కూడ చదివియుండము.

ఆ మధ్యాహ్నము ఆర్కాడి మఠము చూచితిమి. ఇది జాబితాలో మిగిలిన రెండింటిలో ఒకటి. రెథిమ్నో పట్టణమునకు ఆగ్నేయమున 23 కిలోమీటర్ల దూరమున నున్నది. క్రీటు అపుడు తురుష్కుల పాలనలో నుండెను. 1866 నవంబరులో తిరుగుబాటుదారులు, వారి స్త్రీలు, పిల్లలు తొమ్మిదివందలమందికి పైగా ఈ మఠములో తలదాచుకొనిరి. తురుష్కసేన గోడలు ఛేదించి లోనికి చొరబడగా, చిక్కుటకంటె చచ్చుట మేలని మందుగుండు కొట్టునకు నిప్పంటించుకొనిరి. ఆ గదికి నేటికిని పైకప్పు లేదు. లోపల నిలిచి పైకి చూచిన ఆకాశము కనబడును. క్రీటు గ్రీసుదేశములో చేరినది 1913లో. ఆ రెండు సంవత్సరముల నడుమ ఎన్ని ప్రాణములు పోయినవో ఆ మప్పులేని గదిలో నిలిచినవారికి తోచకపోదు. మేము అచట రెండు గంటలుంటిమి. రాత్రి రెథిమ్నోలో, పాత ఓడరేవు దీపస్తంభమును చూచుచు గడిపితిమి. జాబితాలోని రెండవ స్థలమదియే.

నాలుగవ దినమున ఉత్తరతీరపు పెద్దరోడ్డుమీదుగా 80 కిలోమీటర్లు నడచి హెరాక్లియను చేరితిమి. ఆ రోడ్డుమీద ఒక వాడుక కలదు. వెనుకవాడు దాటదలచినచో ముందువాడు ప్రక్కగీత దాటి, అంచుమీదుగా నడుపుచు దారి ఇచ్చును. చట్టము అట్లు చెప్పదు. మలుపు ఆవల అంచుమీద ఎవరైన నిలిచియుండిన అది ప్రాణాంతకము కూడ. మేము అంచున నడుపుటకు సాహసింపక, వెడల్పైన చోటు చూచుకొని, తొలగి ఆగి, అందరిని పోనిచ్చితిమి. ఎంతమంది దాటిపోయిరో లెక్కలేదు. కొందరు హారను మ్రోగించిరి. కొందరు చేయి ఊపిరి. ఒక గంటన్నరలో చేరవలసిన దూరమునకు మూడుగంటలు పట్టెను. త్రోవలో చిన్నగుడి కనబడిన ప్రతిచోట మా శ్రీమతి చేతులు జోడించెను.

కారు తిరిగి అప్పగించునపుడు అచటి యువకుడు చుట్టును తిరిగి చూచి, గీత ఒక్కటియు లేదని మెచ్చుకొనెను. పిదప మా మణికట్టును చూచి దెబ్బ తగిలినదా యని అడిగెను. తగులలేదు, తగులకుండుటకు కట్టినదని చెప్పితిమి. ఆయనకు అర్థమైనదో లేదో తెలియదు.

శ్రోతలలో ఎందరి బిడ్డలో ఇపుడు విదేశములలో నున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులు, సెలవులలో తిరుగు యువకులు అద్దెకారు తీసికొనుట సామాన్యమైనది. అది మంచిదే. బస్సు పోని ఊరికి పోవచ్చును, మనసైనచోట ఆగవచ్చును. కాని ఆగు స్వాతంత్ర్యమును విడిచి, పరుగెత్తు స్వాతంత్ర్యమునే వాడుకొన్నచో అద్దెసొమ్ము వృథా. పరుల రోడ్డుమీద మనము అతిథులము. ఆ రోడ్డున నడచువారు, ఆ మలుపున దీపము పెట్టుకొన్నవారు ఆ ఇంటివారు. ఇంటివారి ప్రాణమునకు ముప్పు తెచ్చు అతిథి ఎంత దూరమునుండి వచ్చిన నేమి, ఎన్ని వింతలు చూచిన నేమి? కుడియో ఎడమయో, బండి కదలించుటకు ముందు ఒకమారు పైకి పలుకుడు. ప్రక్కనున్నవారిచేత కూడ పలికింపుడు. సిగ్గుపడనక్కరలేదు.

ఇంటికి వచ్చిన మరునాడు మా కారు బయటకు తీసి, అలవాటుచొప్పున "కుడి" అని గట్టిగా పలికితిమి. ప్రక్కనుండి మా శ్రీమతి అందుకొనెను: "ఎడమండీ, ఎడమ! ఇది రాజమహేంద్రవరము. సిగా, సిగా."